ఒక తలుపు, రెండు కుర్చీలు: స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్‌తో కెమెరా, కంటిన్యుటీ నేర్చుకోవడం ఎలా?

షార్ట్ ఫిల్మ్ తీద్దామని కూర్చున్న ప్రతి స్టూడెంట్ బ్యాచ్‌లోనూ మొదటి వాదన కెమెరా గురించే. ఏ బాడీ అద్దెకు తేవాలి, ఏ లెన్స్ కావాలి, గింబల్ ఉండాలా వద్దా. తీరా షూటింగ్ అయిపోయి ఎడిటింగ్‌కి కూర్చున్నాక అసలు గొడవ వేరే చోట బయటపడుతుంది. విడివిడిగా చూస్తే షాట్లన్నీ బాగుంటాయి, పక్కపక్కన పెడితే అతకవు. ఒకడు కుడివైపు చూస్తూ మాట్లాడతాడు, వాడికి ఎదురుగా ఉన్నవాడూ కుడివైపే చూస్తూ జవాబిస్తాడు. వైడ్‌లో నిండుగా ఉన్న టీ గ్లాసు క్లోజప్‌లో సగమవుతుంది, మళ్లీ వైడ్‌కి వచ్చేసరికి నిండిపోతుంది. ఇలా కాకుండా ఒక షాట్‌లో ఉన్నది తర్వాతి షాట్‌లోనూ అలాగే ఉండేలా చూసుకోవడమే కంటిన్యుటీ.

ఇవి ఖరీదైన కెమెరాతో తీరే సమస్యలు కావు. షాట్ తీస్తున్నప్పుడే దాని ముందు ఏ షాట్ వస్తుంది, తర్వాత ఏది వస్తుంది అని ఆలోచించే అలవాటు కావాలి. ఆ అలవాటు ఎడిటింగ్‌లో సొంత తప్పులు కళ్లారా చూసుకున్నప్పుడే వస్తుంది. అందుకే నేను చెప్పే పద్ధతికి ఒకే షరతు: తీసినవాళ్లే కట్ చేయాలి, కట్ చేశాక అదే సీన్ మళ్లీ తీయాలి. ఎడిటింగ్ తెలిసిన స్నేహితుడికి ఫుటేజ్ ఇచ్చేసి చేతులు దులుపుకుంటే సగం చదువు అక్కడే పోతుంది.

1. ముందు సీన్ ఎంచుకోండి, కథ తర్వాత

బ్రిటన్‌లో ఓసీఆర్ అనే పరీక్షల బోర్డు ఏఎస్ మీడియా స్టడీస్ విద్యార్థులకు అసలు ప్రాజెక్టుకు ముందు ఒక చిన్న అభ్యాసం పెట్టేది. ఒక పాత్ర తలుపు తీసుకుని లోపలికి వస్తుంది, గది దాటుతుంది, ఇంకో పాత్రకు ఎదురుగా కుర్చీలో కూర్చుంటుంది, ఇద్దరూ ఒకటి రెండు మాటలు మాట్లాడుకుంటారు. ఇందులోనే మూడు విషయాలు చూపించాలి: ఒకే కదలికను రెండు షాట్ల మధ్య అతికించడం, షాట్–రివర్స్ షాట్ (మాట్లాడుకునే ఇద్దరినీ మార్చి మార్చి చూపించడం), 180 డిగ్రీల నియమం. నాకు తెలిసినంతలో మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు. నటన భారం తక్కువ, లొకేషన్ ఒకటే, నిడివి నిమిషం. కానీ ఇందులో చేసే తప్పులన్నీ రెండు గంటల సినిమాలో చేసే తప్పులే.

మన ఇంటికి తగ్గట్టు ఇలా మార్చుకుందాం. తమ్ముడు టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. అక్క బయటి నుంచి వస్తుంది, గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంది, తలుపు తోసుకుని లోపలికి వచ్చి అతని ఎదురుగా కూర్చుంటుంది.

“ఏరా, హాల్ టికెట్ వచ్చిందా?”

“వచ్చిందక్కా. పేరులోనే తప్పు పడింది.”

ఆమె బ్యాగ్ పక్కన పెట్టి చేయి చాస్తుంది. అతను ఫోన్ ఇస్తాడు. ఇంతే సీన్. దీనికి ఫ్లాష్‌బ్యాక్, ట్విస్ట్ ఏవీ కలపకండి. మనసు కథ మీదకు వెళ్లగానే చేతులూ చూపులూ ఎక్కడున్నాయో చూడటం మానేస్తాం.

ఐదుగురుంటే చాలు: ఇద్దరు నటులు, ఒకరు కెమెరా, ఒకరు సౌండ్, ఒకరు కంటిన్యుటీ. డైరెక్షన్ నటించని ముగ్గురిలో ఒకరు చూసుకోవచ్చు, కంటిన్యుటీ మనిషి మాత్రం వద్దు. రెండోసారి తీసేటప్పుడు పనులు మార్చుకోండి. కంటిన్యుటీ రాసిన మనిషి మరుసటిసారి కెమెరా పట్టుకుంటే ఫ్రేమ్ పెట్టే తీరే మారిపోతుంది.

2. గది ప్లాన్ గీయండి, గీత ఎటు ఉందో తేల్చుకోండి

తెల్ల కాగితం మీద గదిని పైనుంచి చూసినట్టు గీయండి. తలుపు ఎడమ గోడకు, టేబుల్ కుడివైపు. అక్క కూర్చునే కుర్చీ టేబుల్‌కి ఎడమన, తమ్ముడి కుర్చీ కుడిన. ఇద్దరి తలలనూ కలుపుతూ ఒక సరళరేఖ గీయండి. సెట్ మీద ఇమాజినరీ లైన్ అనేది దీన్నే. కెమెరా ఈ గీతకు ఒకవైపే ఉండాలి. మన ప్లాన్‌లో అది కాగితానికి కింది వైపు అనుకుందాం. ఆ వైపున్న అర్ధవృత్తమే మీకున్న 180 డిగ్రీలు. అందులో ఎక్కడ కెమెరా పెట్టినా అక్క కుడివైపు చూస్తుంది, తమ్ముడు ఎడమవైపు చూస్తాడు, ప్రేక్షకుడికి వాళ్లు ఎదురెదురుగా ఉన్నారని తెలుస్తుంది. అవతలివైపు వెళ్లి ఒక క్లోజప్ తీశారంటే ఇద్దరూ ఒకేవైపు చూస్తూ ఎవరో మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంటుంది.

ఏ వైపు ఎంచుకోవాలో వెలుతురును బట్టి నిర్ణయించుకోండి. కిటికీ కెమెరా వెనకో పక్కనో ఉండాలి. కిటికీకి ఎదురుగా కెమెరా పెడితే ముఖాలు నల్లబడిపోతాయి.

మన సీన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. అక్క తలుపు నుంచి టేబుల్ దాకా ఎడమ నుంచి కుడికి నడుస్తుంది, కూర్చున్నాక కూడా కుడివైపే చూస్తుంది. అంటే నడక దిశ, చూపు దిశ ఒకటే. కాబట్టి వరండాలో తీసే షాట్‌లోనూ ఆమె ఎడమ నుంచి కుడికే నడవాలి. వరండా ఇరుకుగా ఉందని కెమెరాను అవతలికి తీసుకెళితే ఆమె కుడి నుంచి ఎడమకు నడిచినట్టు కనిపిస్తుంది. తర్వాతి షాట్‌లో ఎడమ నుంచి లోపలికి వస్తే, వెనక్కి తిరిగి వెళ్లిపోయి ఇంకో తలుపులోంచి వచ్చినట్టు అనిపిస్తుంది. చోటు మరీ లేకపోతే ఆమె వీపు వెనక నుంచి, సూటిగా తలుపును చూస్తూ తీయండి. దిశ తెలియని షాట్ ఏ వైపుకైనా అతుకుతుంది.

గీత దాటామా లేదా అని సెట్ మీద అనుమానం వచ్చినప్పుడు భుజాలు చూడండి. ఒకరి భుజం మీదుగా ఇంకొకరి ముఖం చూపించే షాట్‌ను మన సెట్లలో సజెషన్ అంటారు. పై ప్లాన్ ప్రకారం తమ్ముడి ఎడమ భుజం మీదుగా అక్క కనిపిస్తుంది, అక్క కుడి భుజం మీదుగా తమ్ముడు కనిపిస్తాడు. ఒకటి ఎడమ, ఒకటి కుడి రావాలి. రెండూ ఎడమ భుజాలే అయ్యాయంటే గీత దాటేశారు. ఈ ఒక్క పరీక్ష తెలిస్తే గంటసేపు వాదించుకునే పని ఉండదు.

3. షాట్లు రాసుకోండి

ఈ సీన్‌కి ఎనిమిది షాట్లు చాలు. వరండాలో మిడ్ షాట్: అక్క వస్తుంది, చెప్పులు విడుస్తుంది, హ్యాండిల్ మీద చేయి వేసి తలుపు తోస్తుంది. హ్యాండిల్ మీద చేయి క్లోజ్. ఆ తర్వాత లోపల మాస్టర్: తలుపు తెరుచుకోవడం దగ్గర్నుంచి ఫోన్ ఇవ్వడం దాకా సీన్ మొత్తం ఒకే వైడ్‌లో. నాలుగోది అక్క కూర్చోవడం, కాస్త దగ్గరగా. ఆపైన రెండు సజెషన్లు, రెండు క్లోజప్‌లు.

షాట్ మార్చినప్పుడు ఫ్రేమ్ సైజూ మారాలి, కోణమూ మారాలి. అదే మనిషిని ఒక వైడ్‌లోంచి కొంచెం చిన్న వైడ్‌లోకి కట్ చేస్తే బొమ్మ ఎగిరినట్టుంటుంది. కెమెరా కనీసం 30 డిగ్రీలు పక్కకు జరగాలని పాత నియమం. జరిగి, సైజు కూడా స్పష్టంగా మార్చండి. మాస్టర్‌లో పాదాల దాకా కనిపిస్తే నాలుగో షాట్‌లో నడుము దాకానే ఉంచండి.

కాగితం మీద ఇదంతా తేలిక. షూటింగ్‌కి ముందురోజు అదే గదిలో ఫోన్‌తో ఎనిమిది స్టిల్స్ తీసి, వరుసగా జరుపుతూ చూడండి. చూపులు కలవకపోతే అక్కడే తెలిసిపోతుంది. 1920ల్లో మాస్కోలో సోవియట్ దర్శకుడు లెవ్ కులెషోవ్ దగ్గర చదువుకున్నవాళ్లు ముడి ఫిల్మ్ దొరకక, కెమెరాలో రీలే లేకుండా సీన్లను షాట్లుగా విడగొట్టి ప్రదర్శిస్తూ సాధన చేశారు. చేతిలో ఫోన్ ఉన్న మనకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి రిహార్సల్ మానేయాల్సిన పనీ లేదు.

4. కెమెరాలో ఏవీ ఆటోలో ఉంచకండి

ఫోన్‌తో తీసినా, డీఎస్ఎల్ఆర్‌తో తీసినా సూత్రం ఒకటే: సీన్ మొదలయ్యాక కెమెరా తనంతట తాను ఏదీ మార్చకూడదు. ఆటోలో వదిలేస్తే తెల్ల చొక్కా మనిషి ఫ్రేమ్‌లోకి రాగానే గది మొత్తం చీకటవుతుంది. ఎర్ర గోడ వైపు తిప్పితే ముఖం రంగు మారుతుంది. అప్పుడు గ్లాసులో టీ సరిపోయినా షాట్లు అతకవు.

ఫ్రేమ్ రేట్ 25, షట్టర్ స్పీడ్ 1/50 పెట్టుకోండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, కొన్ని ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. 1/50 లేదా 1/100 పెడితే ఆ మినుకు ఫుటేజ్‌లో పట్టుబడదు. అమెరికాలో చదువుకుంటూ అక్కడి అపార్ట్‌మెంట్‌లో తీసేవాళ్లకు కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి 1/60 పెట్టుకోవాలి. ఎండలో 1/50కి తెల్లగా మాడిపోతుంటే లెన్స్ ముందు వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ పెట్టండి. అది లేకపోతే షట్టర్ పెంచండి, కానీ ఆ చోట తీసే షాట్లన్నిటికీ అదే ఉంచండి.

వైట్ బ్యాలెన్స్ అంకె రూపంలో పెట్టి లాక్ చేయండి. పగటి వెలుగుకు 5600 కెల్విన్, పాతకాలపు పసుపు బల్బుకు 3200 దగ్గర్లో మొదలుపెట్టి చూసుకోండి. కిటికీ వెలుగు, పసుపు బల్బు రెండూ కలిసిన గదైతే ఒకటి ఆర్పేయడమే మంచిది. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) ఎంత తక్కువ ఉంటే బొమ్మలో గరుకు అంత తక్కువ.

ఫోన్‌లో రెండు జాగ్రత్తలు ఎక్కువ. ఒకటి, జూమ్ చేయకండి, దగ్గరికి నడిచి వెళ్లండి. 1ఎక్స్ నుంచి 0.5కి గానీ 3కి గానీ మారితే ఫోన్ వేరే లెన్స్‌కి వెళ్లిపోతుంది. రంగూ మారుతుంది, ముఖం ఆకారమూ మారుతుంది. రెండు, మామూలు కెమెరా యాప్‌లో చాలా ఫోన్లు ఫ్రేమ్ రేట్‌ను నిలకడగా ఉంచవు. విడిగా రికార్డు చేసిన సౌండ్ కొంతసేపటికి పెదాలతో కలవదు. ప్రో వీడియో మోడ్ ఉంటే అది వాడండి, లేదా ఉచితంగా దొరికే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ వేసుకోండి. రికార్డింగ్‌కి ముందు ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టడం మరవకండి. టేక్ మధ్యలో కాల్ వచ్చిందంటే బాగా చేసిన నటుడి టెన్షన్ చెప్పనక్కర్లేదు.

ఈ అభ్యాసానికి ట్రైపాడ్ తప్పనిసరి. చేత్తో పట్టి ఊపుతూ తీస్తే కట్ ఎందుకు అతకలేదో తెలుసుకునే అవకాశం పోతుంది. ఊపులో అన్నీ దాగిపోతాయి.

5. కంటిన్యుటీ మనిషి ఏం చేయాలి?

హాలీవుడ్‌లో దీనికి స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అని విడిగా మనిషి ఉంటారు. మన సెట్లలో ఎక్కువగా ఒక అసిస్టెంట్ డైరెక్టర్ మీద పడుతుంది, అదే మనిషి క్లాప్ కూడా కొడుతుంటాడు. స్టూడెంట్ షూటింగుల్లో అయితే ఈ పని “ఖాళీగా ఉన్నవాడికి” ఇస్తారు. దాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. బ్యాచ్‌లో అందరికంటే ఓపికగా, నిశితంగా చూసే మనిషికి ఇవ్వండి. టేక్ నడుస్తున్నప్పుడు ఆ మనిషికి ఇంకో పని చెప్పకండి.

నోట్‌బుక్‌లో ప్రతి టేక్‌కీ ఒక వరుస: సీన్ నంబర్, షాట్ నంబర్, టేక్ నంబర్, లెన్స్, కెమెరా ఎత్తు, నటుడికి ఎంత దూరం, ఓకేనా ఎన్‌జీనా (నో గుడ్, అంటే పనికిరాని టేక్), ఎన్‌జీ అయితే ఎందుకు. టేక్ మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఫోన్‌తో ఫొటో. ఈ ఫొటోలు కెమెరా పక్కనే నిలబడి తీయాలి. ఇంకో మూల నుంచి తీస్తే ఫ్రేమ్‌లో ఏముందో తెలియదు.

అన్నిటికంటే ముఖ్యం ఫొటోలో దొరకనిది: ఏ పని ఏ మాట దగ్గర జరిగింది. డైలాగ్ కాగితం మీదే గుర్తులు పెట్టండి. మన సీన్‌లో టీ గ్లాసునే తీసుకుందాం. తమ్ముడు “వచ్చిందక్కా” అనేటప్పుడు గ్లాసు చేతిలో ఉందా, టేబుల్ మీద ఉందా? “తప్పు పడింది” అనే మాటకు ముందు గుటక వేశాడా, తర్వాతా? “వచ్చిందక్కా” అనే మాట కింద అడ్డగీత గీసి “గ్లాసు కింద పెట్టాడు, కుడి చెయ్యి” అని రాయండి. మాస్టర్‌లో అలా జరిగితే సజెషన్‌లో, క్లోజప్‌లో అలాగే జరగాలి. లేకపోతే ఆ మాట దగ్గర మీరు కట్ చేయలేరు. చెయ్యి ఏదన్నదీ తేలిక విషయం కాదు. తమ్ముడికి కెమెరా వైపున్నది ఎడమ చెయ్యి. దాంతో గ్లాసెత్తితే ముఖం మూసుకుపోతుంది. కుడి చేత్తో తాగితే ముఖం దొరుకుతుంది.

టీ మట్టానికి ఒక ఉపాయం. గ్లాసు వెనకవైపు, కెమెరాకు కనిపించని చోట, చిన్న సెలోటేప్ ముక్క అంటించండి. ప్రతి టేక్‌కి ముందు ఆ గుర్తు దాకా నింపండి. ఇన్నిసార్లు టీ తాగితే నటుడికి కడుపు తిప్పుతుంది, కాబట్టి పల్చటి చల్లారిన డికాక్షన్‌లో కాసిని పాలు కలిపి ఉంచుకోండి. పొగలు కనిపించే టీ అయితే మొదటి టేక్‌లో వచ్చిన ఆవిరి నాలుగో టేక్‌లో ఉండదు. మొదటి నుంచీ చల్లటిదే పెట్టడం మేలు.

మన ఇళ్లలో తీసేటప్పుడు జారిపోయేవి ఇంకా కొన్ని ఉన్నాయి. అక్క వరండాలో చెప్పులు విడిచింది, లోపల మాస్టర్‌లో కాళ్లకు చెప్పులున్నాయి. ఇది దాదాపు ప్రతి బ్యాచ్‌కీ జరిగేదే, ఎందుకంటే లోపలి షాట్ ముందే తీసేసి ఉంటారు. సీలింగ్ ఫ్యాన్: ఒక షాట్‌లో తిరుగుతూ, ఒక షాట్‌లో ఆగి ఉంటే చున్నీ, క్యాలెండర్ కాగితాలు పట్టిస్తాయి. సౌండ్ కోసం ఎలాగూ ఆపాలి కాబట్టి అన్ని షాట్లకూ ఆపేయండి. చెమటలు తుడవడానికి టేక్‌ల మధ్య ఒక టవల్ పెట్టుకోండి. గోడ గడియారం ఫ్రేమ్‌లో ఉంటే సెల్ తీసి ముల్లు ఒక చోట ఆపండి, లేదా గడియారమే తీసేయండి. తలలో మల్లెపూలుంటే మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఇంకో మూర కొని తడిగుడ్డలో చుట్టి ఉంచండి. బొట్టు స్టిక్కర్ ఎక్కడ పెట్టిందో ముఖం దగ్గరగా ఒక ఫొటో తీయండి.

ఇక ఎండ. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఉదయం టేబుల్ మీద పడ్డ కిటికీ ఎండ చార మధ్యాహ్నానికి అక్కడ ఉండదు. నేరుగా ఎండ పడని కిటికీ ఉన్న గది ఎంచుకుంటే ఈ బాధ ఉండదు. ఉన్న గది అదే అయితే కిటికీకి బయటనుంచి పల్చటి తెల్ల దుప్పటి కట్టండి. వెలుగు మెత్తబడుతుంది, చార కనిపించదు. షూటింగ్ మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఒక్క లైటే వెలిగితే ఆ వెలుగులో క్లోజప్ తీయకండి, కరెంటు వచ్చేదాకా ఆగండి.

6. తీసే వరుస

మాస్టర్ ముందు తీయండి. నటులు ఏం చేస్తారో అక్కడ తేలుతుంది, మిగతా షాట్లన్నీ దానికి కట్టుబడతాయి. అందుకే మాస్టర్ ఓకే అనే ముందు కదలికలు నటుడికి మళ్లీ చేయగలిగేంత తేలికగా ఉన్నాయా అని చూసుకోండి. గ్లాసుతో మూడు రకాల విన్యాసాలు చేస్తే అందంగానే ఉంటుంది, మిగతా షాట్లలో మళ్లీ అలాగే చేయలేడు.

మాస్టర్ తర్వాత ఒకవైపు షాట్లన్నీ తీసేయండి: అక్క కూర్చోవడం, అక్క మీద సజెషన్, క్లోజప్. తర్వాతే కెమెరా తిప్పి తమ్ముడి వైపు. లైటూ ట్రైపాడూ అటూ ఇటూ మోయడం తప్పుతుంది, సైజులూ నిలకడగా వస్తాయి. అక్క క్లోజప్‌కి కెమెరా ఎంత దూరంలో, ఎంత ఎత్తులో ఉందో కంటిన్యుటీ పుస్తకంలో ఉంది కదా, తమ్ముడి క్లోజప్‌కీ అంతే పెట్టండి. ఒకరి ముఖం ఫ్రేమ్ నిండా, ఇంకొకరిది ఛాతీ దాకా ఉంటే సంభాషణలో ఎవరికో కావాలని ప్రాధాన్యం ఇచ్చినట్టవుతుంది. ముఖం మీద నీడ ఎక్కువైతే కిటికీకి ఎదురుగా థర్మాకోల్ షీట్ పట్టుకోండి. ఏ క్లోజప్‌కి ఎంత దగ్గరగా పట్టుకున్నారో అదీ రాసుకోండి.

క్లోజప్‌లో ఎదుటి నటుడు వెళ్లిపోయి టిఫిన్ చేయకూడదు. లెన్స్ పక్కనే, గీతకు సరైన వైపున కూర్చుని తన మాటలు తాను చెప్పాలి. అప్పుడే లుక్ కుదురుతుంది, స్పందన నిజంగా వస్తుంది. కూర్చోవడానికి చోటు లేకపోతే లెన్స్ పక్కన అదే కళ్ల ఎత్తులో టేప్ ముక్క అంటించి, దాన్ని చూడమనండి.

ప్రతి షాట్‌లోనూ కదలికను మొదటి నుంచి చివరి దాకా చేయించండి. తలుపు తోయడం వరండా షాట్‌లో పూర్తిగా జరగాలి, అక్క లోపలికి వెళ్లిపోయేదాకా కెమెరా ఆపకండి. లోపలి షాట్‌లో తలుపు మూసి ఉన్నప్పటి నుంచే రికార్డింగ్ మొదలవ్వాలి. రెండింట్లోనూ ఆ కదలిక మొత్తం ఉంటేనే ఎక్కడ కట్ చేయాలో మీ చేతిలో ఉంటుంది. 1903లో అమెరికాలో విడుదలైన ఎడ్విన్ పోర్టర్ సినిమా ఒకదానిలో మంటల్లోంచి తల్లీబిడ్డను కాపాడటం ముందు గది లోపలి నుంచి మొత్తం చూపించి, తర్వాత అదే సంఘటనను వీధిలోంచి మళ్లీ మొదటి నుంచి చూపించారు. రెండు చోట్ల తీసిన ఒకే కదలికను ఒక ముక్క ఇక్కడిది, ఒక ముక్క అక్కడిది తీసుకుని అతికించడం అప్పటికింకా పెద్దగా అలవాటు కాలేదు. మీకు ఆ వీలు రావాలంటే రెండు ముక్కలూ పూర్తిగా తీసి ఉండాలి.

యాక్షన్ చెప్పేముందు ఐదు సెకన్లు, కట్ చెప్పేముందు ఐదు సెకన్లు ఊరికే నడవనివ్వండి. టేక్ మొదట్లో క్లాప్ బోర్డు గానీ, లేకపోతే చప్పట్లు గానీ కెమెరాకు కనిపించేలా ఒకసారి కొట్టండి. సౌండ్ కలపడానికి అదే ఆధారం. అన్నీ అయ్యాక ఎవరూ కదలకుండా అర నిమిషం గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. కట్‌ల దగ్గర శబ్దం తెగిపోయినట్టు అనిపించకుండా ఆ ముక్క కింద పరుస్తారు.

7. అదే రోజు ఎడిటింగ్

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఈ పనికి ఎక్కువే. పాత ల్యాప్‌టాప్ అయితే ఫోన్‌లోనే 1080పీలో తీయండి, 4కే మీద మోజు పెట్టుకోకండి. ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేట్ 25 అని ముందే పెట్టుకోండి. ఫుటేజ్ రెండు చోట్ల కాపీ చేశాకే కార్డు ఖాళీ చేయండి.

ముందు అక్క కూర్చునే కట్ ఒక్కటే చేయండి. మాస్టర్‌లో ఆమె మోకాళ్లు వంగడం మొదలైన చోట ఆపి, దగ్గరి షాట్‌లో అదే భంగిమ వెతికి అతికించండి. ప్లే చేయండి. కూర్చోకముందు కట్ చేస్తే ఎలా ఉంది, సగంలో చేస్తే ఎలా ఉంది, కూర్చున్నాక చేస్తే ఎలా ఉంది, మూడూ చూడండి. కదలిక మధ్యలో చేసిన కట్ దాదాపు కనిపించదు, ఎందుకంటే కన్ను కదలికనే పట్టుకుని వెళుతుంది. ఇప్పుడు రెండో షాట్‌ను ఒక్కో ఫ్రేమ్ చొప్పున ముందుకూ వెనక్కూ జరపండి. 25 ఫ్రేముల లెక్కన ఒక్క ఫ్రేమ్ సెకనులో ఇరవై ఐదో వంతు. అయినా తేడా తెలుస్తుంది. లెక్క ప్రకారం సరిగ్గా అతికినదానికంటే, రెండు మూడు ఫ్రేములు కదలిక మళ్లీ వచ్చేలా పెడితే చాలాసార్లు ఇంకా నున్నగా ఉంటుంది. కట్ తర్వాత కొత్త బొమ్మను పట్టుకోవడానికి కంటికి ఆ కాస్త సమయం కావాలి. ఈ విషయం ఎంత చదివినా చేతికి రాదు, ఒక సాయంత్రం కూర్చుని ఫ్రేములు జరిపితే వస్తుంది.

మాటల దగ్గర, ఎవరు మాట్లాడితే వాళ్లనే చూపించాలన్న నియమం లేదు. “పేరులోనే తప్పు పడింది” అని తమ్ముడు అంటుండగా, చివరి మాట దగ్గర అక్క ముఖానికి కట్ చేయండి. తమ్ముడి గొంతు ఆమె ముఖం మీద నడుస్తుంది. సీన్‌లో అసలు విషయం ఆమె ముఖంలోనే ఉంది.

ఇలా కట్ చేసేటప్పుడు ఒక ఇరకాటం వస్తుంది. తమ్ముడు బాగా చేసిన టేక్‌లో గ్లాసు తప్పు చేతిలో ఉంటుంది. గ్లాసు సరిగ్గా ఉన్న టేక్‌లో నటన పేలవంగా ఉంటుంది. నేనైతే నటన ఉన్న టేకే పెడతాను. ప్రేక్షకుడు కళ్లను చూస్తాడు, గ్లాసును తర్వాత చూస్తాడు. చూపు, దిశ తప్పితే మాత్రం ఒప్పుకోను. గ్లాసు తప్పైతే గమనించినవాళ్లకే తెలుస్తుంది. దిశ తప్పితే గమనించనివాళ్లకూ ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది.

పూర్తయ్యాక సౌండ్ పూర్తిగా ఆపేసి ఒకసారి చూడండి. అతకని కట్‌లన్నీ అప్పుడు బయటపడతాయి. తర్వాత షూటింగ్‌లో లేని ఒకరికి చూపించండి. “ఎలా ఉంది” అని అడగకండి. “తలుపు ఎటువైపుంది, ఎవరు ఎటు కూర్చున్నారు, కాగితం మీద గీసి చూపించు” అనండి. వాళ్లు గీసింది మీ ప్లాన్‌తో కలిస్తే సీన్ కుదిరినట్టే.

8. మళ్లీ తీయండి, ఈసారి కావాలని గీత దాటండి

మొదటిసారి దొరికిన తప్పులు దిద్దుతూ అదే సీన్ రెండోసారి తీశాక, తమ్ముడి క్లోజప్ ఒక్కటి గీతకు అవతల నుంచి తీసి, మంచి కట్‌లో దాని స్థానంలో పెట్టి చూడండి. ఆ ఇబ్బంది ఒక్కసారి కళ్లకు తగిలితే నియమం బట్టీ పట్టాల్సిన పనిలేదు.

ఆపైన సరిగ్గా దాటడం నేర్చుకోండి. షాట్ నడుస్తుండగానే ట్రాలీ మీదో, నడుస్తూనో కెమెరా అవతలికి వెళ్లొచ్చు. ప్రేక్షకుడు చూస్తుండగా వెళ్లింది కాబట్టి తికమక ఉండదు. నటుడే లేచి అటువైపు వెళ్లొచ్చు, అప్పుడు గీత అతనితోపాటు జరుగుతుంది. లేదా సరిగ్గా గీత మీద నుంచి, ఏ వైపూ కాని షాట్ ఒకటి వేసి ఆ తర్వాత అవతలికి వెళ్లొచ్చు. గ్లాసు ఒక్కటే కనిపించే క్లోజ్ లాంటిది మధ్యలో వేసినా కొంతవరకు పని జరుగుతుంది. నేను మాత్రం నటుడు కదిలే పద్ధతికే ఓటేస్తాను. అక్క కోపంగా లేచి కిటికీ దగ్గరికి వెళితే గీతా మారుతుంది, సీనూ మలుపు తిరుగుతుంది.

9. తర్వాతి మెట్లు

ముగ్గురిని టేబుల్ చుట్టూ కూర్చోబెట్టండి. ఇప్పుడు ఒక గీత కాదు, ప్రతి ఇద్దరి మధ్యా ఒకటి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆ జంట గీతనే ఆ క్షణానికి పాటించాలి. ముందు ముగ్గురూ కనిపించే మాస్టర్ తీసుకుంటే, తికమకపడ్డ చోటల్లా అందులోకి వెళ్లి మళ్లీ బయటికి రావచ్చు.

తర్వాత వీధిలోకి వెళ్లండి. ఒక మనిషి ఇంటి నుంచి బస్టాప్‌కి నడిచే ప్రయాణాన్ని ఐదారు షాట్లలో చెప్పండి. ఫ్రేమ్‌కి కుడి అంచున బయటికి వెళ్లినవాడు తర్వాతి ఫ్రేమ్‌లోకి ఎడమ అంచు నుంచి రావాలి. తిరుగు ప్రయాణం అంతా కుడి నుంచి ఎడమకు తీస్తే, డైలాగ్ లేకుండానే ఇంటికి వస్తున్నాడని తెలుస్తుంది. రైల్వే స్టేషన్, మెట్రో లోపల అనుమతి లేకుండా కెమెరా తీయకండి. కాలేజీ లెటర్ పట్టుకుని ముందే వెళ్లి అడగండి.

చివరగా ఫోన్ సంభాషణ. కూకట్‌పల్లి హాస్టల్లో కూతురు, కాకినాడ ఇంట్లో అమ్మ. ఇద్దరినీ వేర్వేరు గదుల్లో, కావాలంటే వేర్వేరు రోజుల్లో తీయండి. ఎదురెదురుగా లేకపోయినా ఉన్నట్టే అనుకుని కూతురిని కుడివైపు చూడమనండి, అమ్మను ఎడమవైపు. ఒకే లెన్స్, ఒకే ఎత్తు, ఒకే సైజు. అమ్మ గొంతు నిజంగా వినిపించాలి కాబట్టి కూతురి షాట్ తీసేటప్పుడు ఎవరో ఒకరు పక్కగదిలోంచి నిజంగా కాల్ చేసి ఆ మాటలు చెప్పాలి. కుడివైపు చూసే కూతురు ఫోన్ ఎడమ చెవికి, ఎడమవైపు చూసే అమ్మ కుడి చెవికి పెట్టుకుంటే చెయ్యి కెమెరాకు అవతలివైపు ఉంటుంది, ఇద్దరి ముఖాలూ పూర్తిగా దొరుకుతాయి.